జెండా ఊపే ముందు

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు మా కృపాదానం మాస్టారికి లేదు. అడిగింది విని, వయొలిన్ కమానుకి, తీగ మీద పట్టు కోసం రాసే రోజిన్ బిళ్ళ రుద్దుకుంటూ కూర్చుంటారు. రుద్దడం అయ్యాక ఏదో ఒక పని చెప్తారు. ఆ కుర్చీ ఇటు జరపమంటారు, ఫలానావాళ్ళని పిలుచుకు రమ్మంటారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుంది, వెతుక్కున్నవాళ్ళకి వెతుక్కున్నంత. నలభై ఏళ్ళ కిందట నేను, వయొలిన్‌లో ఎప్పటికి పైకొస్తాను మాస్టారూ అని అడిగితే, వెళ్ళి రెండో వరుసలో కూర్చోమన్నారు. ఇప్పటికీ అక్కడే కూర్చున్నాను. ఆ జవాబు మాత్రం నాకు బాగానే అర్థమైంది.

నా పేరు మార్తమ్మ. మెట్టుగూడ రైల్వే బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు చర్చి అయ్యాక మాస్టారి మేడమీద గదిలో పదిహేడుమందిమి చేరి వాయిస్తాం. అందరమూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమో, చేసి మానేసినవాళ్ళమో. సంగీతమే అన్నంగా బతుకుతున్నది మాలో ఒక్క సౌదామినే. ఆ పిల్ల చెల్లో వాయిస్తుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్న. భుజం మీద పెట్టుకునేది కాదు, కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించాలి. గొంతు మగవాళ్ళ గొంతులా నిండుగా ఉంటుంది. పన్నెండో ఏట మాస్టారి దగ్గర చేరి, పదేళ్ళు నేర్చుకుంది. ఇప్పుడు ముప్పైనాలుగు. ఏడాదికి నాలుగైదు కచేరీలు చేస్తుంది, మిగతా రోజులన్నీ పాఠాలే. పొద్దున ఒక స్కూల్లో, సాయంత్రం ఇంట్లో, మొత్తం పదకొండుమంది శిష్యులు.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, అందరూ వెళ్ళిపోయాక ఈ పిల్ల వెళ్ళలేదు. నేను కాగితాలు సర్దుతున్నాను. మాస్టారి ఎదురుగా కూర్చుని, "నేను ఒకటి అడగాలి మాస్టారూ" అంది. చెన్నైలో నలుగురు కలిసి వాయించే బృందం ఒకటుంది, దేశమంతా తిరుగుతారు. వాళ్ళ చెల్లో ఆయన మానేస్తున్నాడట. బృందం నడిపే అలమేలు రంగన్ గారు మార్చిలో మా కచేరీకి వచ్చి ఈ పిల్ల వాయించడం వింటానన్నారట. విని నచ్చితే తీసుకుంటారు. పదేళ్ళ నుంచి ఈ పిల్ల ఎదురుచూస్తున్న కబురు అది. మరి ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"భయంగా ఉంది మాస్టారూ. రోజుకి ఆరు గంటలు పిల్లలకి కమాను పట్టుకోవడం నేర్పుతున్నాను. వాళ్ళు పై వరుసలో పాట వాయిస్తుంటే, ఊతంగా నేను కింది వరుసలో మంద్ర స్వరాలు వాయిస్తాను. నా చేతికి కింది వరుసలే మిగిలాయి. పాఠాలు చెప్పే చేతికి కచేరీ చేసే శక్తి మిగులుతుందా? మిగలదంటే చెప్పెయ్యండి, ఈ నెలాఖరుకే పదకొండుమందికీ నమస్కారం పెట్టేస్తాను. ఈ అవకాశం కూడా పోతే, ఇంక నేను వాయించేదాన్ని కాదు, నేర్పేదాన్ని మాత్రమే."

మాస్టారు రోజిన్ రుద్దారు. ఆ రోజు చాలాసేపు రుద్దారు.

"మన చెల్లోల్లో మూడో కుర్చీ ఖాళీగా ఉంది. మీ గార్డుగారిని తీసుకొచ్చి కూర్చోబెట్టు" అన్నారు.

సౌదామిని మొహం చూడాలి అప్పుడు! గార్డుగారంటే సింహాచలం గారు. విజయనగరం వైపు మనిషి, ముప్పైయారేళ్ళు గూడ్సు బళ్ళకీ ప్యాసింజరు బళ్ళకీ గార్డుగా చేసి రిటైరయ్యారు. రైల్వే వాళ్ళ సన్మాన సభలో సౌదామిని వాయిస్తుంటే విని, మర్నాడు పొద్దున్నే వాళ్ళింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఇది బండి చివర నా బ్రేకు వ్యాను గొంతమ్మా. ఇన్నేళ్ళు దాన్లోనే కూర్చున్నాను. నాకు నేర్పుతారా?" అని అడిగారట. ఆ మాటకి కరిగిపోయి ఒప్పుకుంది. రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆయనకి పూర్తిగా వచ్చింది ఒక్కటే పాట. అది నెమ్మదిగా సాగే పాతకాలపు పాట, నేర్చుకునేవాళ్ళందరూ దానితోనే మొదలెడతారు. మార్చి కచేరీలో సౌదామిని వాయించబోయేదీ సరిగ్గా అదే. సులువుగా కనిపించేదాన్ని గొప్పగా వాయించడంలోనే ఉంది పస అంతా అని మాస్టారు ఎంచిపెట్టారు.

"ఆయన్నా? ఆ కచేరీకా?" అంది సౌదామిని. "మాస్టారూ, ఆయనకి ఇంకా పై స్వరం మీదికి చెయ్యి సరిగ్గా పోదు. పాట మధ్యలో పెద్ద గెంతు ఉంటుంది చూడండి, కింది నుంచి ఒక్కసారి పైకి, అక్కడికి రాగానే ఆగిపోతారు. ప్రతిసారీ ఆగిపోతారు! తాళం తప్పుతుందండీ, ఆగకండి అని రెండేళ్ళుగా నెత్తీ నోరూ బాదుకుంటున్నాను. ఎందుకు ఆగుతారంటే ఏమంటారో తెలుసా? గార్డన్నవాడు జెండా ఊపే ముందు బండి పొడుగునా ఒకసారి చూసుకోవాలి టీచరమ్మా, ఎవరి కాలో ఇంకా మెట్టు మీదే ఉంటుంది, చూడకుండా ఊపడం నా వల్ల కాదు అంటారు. ఇది రైలా, ప్లాట్‌ఫారమా?"

మాస్టారు నవ్వలేదు. "ఆయనకి పై వరుసతో పనేముంది? మూడో కుర్చీ వాయించేది కింది వరుసే కదా. ఎనిమిది స్వరాలు, వేలితో మీటడమే. తీసుకురా" అన్నారు.

మెట్లు దిగుతూ నాతో అంది పాపం, "నేనడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి ఆంటీ? కొండనాలుకకి మందడిగితే ఉన్న నాలుక ఊడేలా ఉంది." మాస్టారి సంగతి నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. అయినా నాకూ ఆ రోజు, ఈ పెద్దాయనకి చాదస్తం ముదిరింది అనే అనిపించింది.

గార్డుగారు వచ్చారు. రిహార్సలుకి అరగంట ముందే వచ్చి, ఇస్త్రీ చొక్కా, బూట్లు, డ్యూటీ ఎక్కినట్టే కూర్చునేవారు. తన కాగితంలో ఉన్న ఎనిమిది స్వరాలూ వేలితో మీటేవారు, మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే, మళ్ళీ మొదటికి. ఒక్కసారీ తప్పలేదు. సౌదామిని పై వరుస అందుకుంటే నోరు తెరుచుకుని వినేవారు, మీటుతూనే. ఆ పిల్ల వాయింపు కూడా శుభ్రంగా ఉండేది, వంక పెట్టడానికి లేదు. ఒక్కటే లోపం, అది పన్నెండో ఏటి నుంచీ ఉన్నదే. ఆ పెద్ద గెంతు దగ్గర పై స్వరం మీద పడిపోతుంది, కదిలిపోతున్న బస్సు ఎక్కుతున్నట్టు. "ఆగమ్మా, కొంచెం ఆగు" అని చిన్నప్పుడు మాస్టారు అనగా అనగా నాకే చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు అనడం మానేశారు.

కచేరీ రోజు వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు హాలు, సాయంత్రం ఆరింటికి. జనం బాగానే వచ్చారు. మూడో వరుసలో కంచిపట్టు చీర కట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఆవిడే అలమేలు గారని సౌదామిని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

సంగతి ఎలా జరిగిందో నేను కళ్ళారా చూశాను కాబట్టి చెప్తాను. సౌదామిని ముందు కూర్చుంది. ఆమెకి కుడిపక్కన కొంచెం వెనగ్గా మూడు చెల్లోలు, చివరి కుర్చీలో గార్డుగారు. పాట మొదలయ్యే పద్ధతి ఇదీ. ముందు ఆ మూడు చెల్లోలూ కింది వరుస రెండుసార్లు మీటుతాయి. రెండోది పూర్తవగానే సౌదామిని పై వరుస అందుకోవాలి. మాస్టారు తాళం చూపే పుల్ల ఎత్తారు. సరిగ్గా అప్పుడు సౌదామిని ఎందుకో పక్కకి చూసింది. గార్డుగారు మీటాల్సిన వేలు తీగ మీద పెట్టకుండా జనం వంకే చూస్తున్నారు. అంతమందిని ఎప్పుడు చూశారు పాపం, ఆయన చూసిందంతా బండి వెనకభాగమే. సౌదామిని ఆయన వంక చూసి తల ఊపింది. 'ఊఁ, ఫరవాలేదు, నేనున్నాను' అన్నట్టు, ఇంట్లో పాఠం మొదలెట్టేముందు ప్రతి శిష్యుడికీ ఊపినట్టే ఊపింది. పుల్ల దిగింది. అలా తల ఊపిన తరవాత ఆమె చెయ్యి ఏం చేస్తుంది చెప్పండి? ఇన్నేళ్ళుగా పాఠాల్లో ఏం చేస్తోందో అదే చేసింది. కమాను తీగ మీద ఆనించి కింది వరుస మొదలెట్టేసింది.

ఆమె కాసేపు ఊరుకోవాలి, మొదలెట్టకూడదు. మొదలెట్టినా, రెండు విడతలయ్యాక పైకి రావాలి. ఒక విడత అయిపోయింది. రెండోదీ అయిపోవస్తోంది. కళ్ళు మూసుకుని, ఎంతో హాయిగా, కింది వరుసే వాయిస్తోంది. ఎవరికో ఊతం ఇస్తున్నట్టు! పాట ఎవరు పాడతారమ్మా నువ్వు కిందే కూర్చుంటే? మాస్టారు ఆపేస్తారనుకున్నాను. మళ్ళీ మొదటినుంచి అంటారు, అలమేలు గారు కళ్ళజోడు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతారు, ఈ పిల్ల ఇంక జన్మలో వేదిక ఎక్కదు. ఇవన్నీ ఆ రెండు క్షణాల్లో నా బుర్రలో తిరిగాయి. మాస్టారు ఆపలేదు. ఆయన చూపు సౌదామిని మీద లేదు. మూడో కుర్చీ మీద ఉంది.

మూడో కుర్చీలో గార్డుగారు మీటడం మానేశారు. ఒడిలో ఉన్న కమాను చేతిలోకి తీసుకున్నారు. రెండో విడత ఆఖరి స్వరం మీదుగా, ఇంట్లో శనివారం శనివారం పాఠంలో అందుకున్నట్టే, పై వరుస అందుకున్నారు.

గొప్పగా వాయించారని అబద్ధం చెప్పను. గొంతు బొంగురుపోయిన పెద్దమనిషి పెరట్లో కూర్చుని పాడుకున్నట్టుంది. అయినా పాట పాటే, ఒక్క స్వరమూ తప్పిపోలేదు. దాంతో సౌదామిని కళ్ళు తెరిచింది. తాను ఎక్కడుందో, ఏం చేస్తోందో అప్పటికి తెలిసింది. కమాను మాత్రం ఆగలేదు. ఎలా ఆగుతుంది? శిష్యుడు పైన వాయిస్తున్నాడు, కింద తాను వదిలేస్తే పడిపోతాడు. ఆ భయం ఆమె మొహంలోనే కనిపించింది నాకు, తన పరువు సంగతి తరవాత. ఇంకా మెత్తగా, ఇంకా దగ్గరగా వాయిస్తూ ఆయన కింద నిలబడింది. పెద్ద గెంతు వచ్చింది. గార్డుగారు ఆగారు. ఎప్పటిలాగే, ఎన్ని తిట్లు తిన్నా మానని ఆ ఆగుడు. ఆయన ఆగితే సౌదామిని ఆగింది, మాస్టారి పుల్ల గాలిలో నిలబడింది, మిగతా అందరమూ కమానులు ఆపాం. బండి పొడుగునా చూసుకుని జెండా ఊపారాయన. పై స్వరం వచ్చింది, కొంచెం కీచుగా, అయినా వచ్చింది.

పాటకి రెండు చరణాలు. మొదటిది అవగానే సౌదామిని మళ్ళీ ఆయన వంక చూసి తల ఊపింది. ఈసారి అర్థం వేరు. ఆయన కమాను దించి, బుద్ధిగా తన కాగితంలోని ఎనిమిది స్వరాలకి వచ్చేశారు. సౌదామిని పై వరుస అందుకుంది. ఆయన వాయించిన పాటే, అదే పాట, ఇప్పుడు నిండుగా లేచింది. నేను నా వరుస వాయిస్తున్నానో లేదో నాకే తెలియలేదు. గెంతు దగ్గరికి వస్తోంది. ఈ పిల్ల ఇప్పుడు మీద పడిపోతుంది, ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను అనుకున్నాను. పడలేదు. ఆగింది. ఎంతసేపో తెలియదు, ఒక చిన్న ఊపిరంత. ఎవరి కాలో ఇంకా మెట్టు మీద ఉందేమో అని చూసినట్టు ఆగి, అందరూ ఎక్కాక, అప్పుడు పైకి వెళ్ళింది. హాల్లో ఎవరో ఒకాయన "అబ్బా" అన్నాడు పైకే. నేను ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే ఏడ్చాను.

చప్పట్లు అయ్యాక వెనక గదిలో చూస్తే, సౌదామిని చెల్లోని గోడకి ఆనించి మొహం కొంగులో దాచుకుని కూర్చుంది. గార్డుగారు ఎదురుగా నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. "టీచరమ్మ కింద మొదలెట్టారు గదా, ఇంక పైన నేనే అందుకోవాలనుకున్నాను. హాల్లో ఉన్నామన్న సంగతే మరిచిపోయానమ్మా. క్షమించాలి" అంటున్నారు. "మీరు క్షమించమనడమేమిటండీ!" అని ఆ పిల్ల ఇంకా ఏడుస్తోంది. అంతలో అలమేలు గారు లోపలికొచ్చారు.

"మొదటి చరణం ఆ పెద్దాయన వాయించడం, రెండోది మీరు అందుకోవడం, ఎవరమ్మా ఈ ఏర్పాటు చేసింది? చాలా బాగుంది" అన్నారావిడ.

నేనైతే, మాస్టారి ఏర్పాటే అని చెప్పి ఊరుకునేదాన్ని. సౌదామిని కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "ఏర్పాటు కాదండీ. నేను తప్పు చేశాను. పాఠం చెప్తున్నాననుకుని కింది వరుస వాయించాను. ఈయన నా శిష్యులు, వీరు అందుకోకపోతే కచేరీ అక్కడితో ఆగిపోయేది" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

అలమేలు గారు గార్డుగారి వంక చూసి, ఈ పిల్ల వైపు తిరిగారు. "మా నలుగురిలో రోజూ ఎవరో ఒకరు తప్పిపోతూనే ఉంటారమ్మా. పక్కవాడు వాయించేది వింటూ కింద నిలబడగలిగినవాళ్ళే మాకు దొరకడం లేదు" అన్నారు. జూన్‌లో వచ్చి నాలుగు రోజులు తమతో కూర్చుని వాయించి చూడమన్నారు. ఖాయమని అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడ వెళ్ళాక సౌదామిని కుర్చీలో కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

అందరూ వెళ్ళిపోతున్నారు. మాస్టారు ఓ మూల స్టూలు మీద కూర్చుని కమాను వదులు చేసి, గుడ్డతో తుడుచుకుంటున్నారు. సౌదామిని వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"ఫిబ్రవరిలో నేనొకటి అడిగాను మాస్టారూ. మీరు ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు" అంది.

మాస్టారు తుడవడం ఆపలేదు. "రెండో చరణంలో, పైకి వెళ్ళబోయే ముందు ఆగావే" అన్నారు.

"అవునండీ."

"బాగా ఆగావు. నేను పదేళ్ళు ఆగమ్మా ఆగమ్మా అని మొత్తుకున్నాను. నా దగ్గర ఒక్కనాడూ ఆగలేదు."

సౌదామిని గుమ్మం వైపు చూసింది. బయట వరండాలో గార్డుగారు చెల్లో పెట్టెని వీపుకి తగిలించుకుని నిలబడ్డారు. మెట్లు దిగబోతూ ఆగి, వెనక ఎవరైనా మిగిలిపోయారేమోనని వరండా పొడుగునా ఒకసారి చూసుకుంటున్నారు.

"శనివారం ఆయన క్లాసు ఎన్నింటికి?" అని అడిగారు మాస్టారు.

"ఆరున్నరకండీ."

"వేళకి వెళ్ళు" అన్నారు మాస్టారు, కమాను పెట్టెలో పెట్టి మూత వేస్తూ. "నేర్చుకునేవాళ్ళు ఆలస్యం చెయ్యకూడదు."